కెన్నెట్ ఏటి పురుగుల లెక్క

లండను వెళ్ళినవాళ్ళు థేమ్సు నదిని చూడకుండా రారు. ఆ థేమ్సులో కలిసే కెన్నెట్ అనే చిన్న ఏటిని చూసివచ్చినవాళ్ళు మాత్రం అరుదు. నేను చూశానంటే అందులో నా గొప్ప ఏమీ లేదు. మా మేనకోడలు కాపురం ఉంటున్నది రెడింగు పట్టణంలో. కెన్నెట్ వచ్చి థేమ్సులో కలిసేది ఆ ఊళ్ళోనే.

“ఇక్కడ చూస్తే ఏముంది మామయ్యా! చూడాలంటే ఎగువకు వెళ్ళాలి” అన్నది అమ్మాయి. అల్లుడి ఆఫీసులో పనిచేసి రిటైరయిన ఒక పెద్దమనిషికి గాలం వేయడం వ్యసనం. ఆదివారంనాడు ఆయనే మమ్మల్ని తన కారులో తీసుకువెళ్ళాడు.

దారిలో హంగర్‌ఫర్డు అనే ఊరు తగిలింది. ఏట్లో చేపలు పట్టుకునే హక్కు ఆ ఊరివాళ్ళకు 14వ శతాబ్దంలో జాన్ ఆఫ్ గాంట్ అనే రాజకుమారుడు ఇచ్చాడని చెప్పుకుంటారు. దానికి గుర్తుగా ఆయన ఇచ్చిన కొమ్ముబూర ఒకటి ఇంకా దాచుకున్నారట. అవతల మార్ల్‌బరో. దాని పక్కన ఒక పల్లె పేరు బోర్డుమీద మిల్డెన్‌హాల్ అని ఉంటుంది, జనం పిలిచేది ‘మైనల్’ అని. ఇంగ్లీషువాళ్ళు తమ ఊళ్ళ పేర్లనే తాము రాసినట్టు పలకరు. ఇక మన పేర్లు పలకలేకపోతే తప్పు పట్టడమెందుకు?

ఏటి ఒడ్డున నిలబడ్డాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున గులకరాళ్ళు, దువ్వినట్టు వాలిన నాచు, ఏటికి ఎదురుగా కదలకుండా నిలిచిన ట్రౌట్ చేప, అన్నీ కనిపిస్తున్నాయి. ఇది సుద్దనేల. పడిన వాన సుద్దరాతిలోకి ఇంకి, వడకట్టుకుని, ఊటలై పైకి వస్తుంది. అందుకే వేసవిలో చల్లగా, చలికాలంలో అంత చల్లగా కాకుండా ఉంటుంది. ఇటువంటి ఏళ్ళు ప్రపంచంలో మూడువందల లోపే. అందులో ఎక్కువ భాగం ఇంగ్లండులోనివే.

“ఎంత శుభ్రమైన నీళ్ళండీ!” అన్నాను.

“అలా కనిపిస్తున్నాయి. శుభ్రమో కాదో కాసేపట్లో చెబుతాను” అన్నాడాయన.

గుండెలదాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకుని, కర్రకు బిగించిన వలసంచీ పట్టుకుని ఏట్లో దిగాడు. వల మూతి ఎగువకు పెట్టి, దాని ముందరి రాళ్ళను కాళ్ళతో కెలకడం మొదలెట్టాడు. కచ్చితంగా మూడు నిమిషాలు. గడియారం చూసే ఉద్యోగం మా మనవడిది. డెబ్భైఏళ్ళ మనిషి ఏట్లో చిందులు వేస్తుంటే మా అమ్మాయి నవ్వాపుకోలేక అటు తిరిగింది. తర్వాత ఇంకో నిమిషం రాళ్ళను చేత్తో తిరగేసి, వాటిని కరచుకున్న పురుగులను ఏరాడు.

సంచీని తెల్లని పళ్ళెంలో గుమ్మరించగానే పళ్ళెం కదలసాగింది! ఇసుకరేణువులు అంటించుకుని గొట్టంలాంటి గూడు కట్టుకున్న పురుగు ఒకటి. రాతికి అతుక్కుపోయేటట్టు పలచటి ఒళ్ళున్నది ఇంకొకటి. పక్కకు ఒరిగి ఈదే చిట్టిరొయ్యలు లెక్కలేనన్ని. అటువంటివి ఎనిమిది తెగలు. ఒక్కొక్క తెగలో తొమ్మిదిలోపు ఉంటే ఒక మార్కు, తొంభైతొమ్మిదిదాకా రెండు, వెయ్యిలోపయితే మూడు, ఆపైన నాలుగు. అన్నీ కూడితే ఆ నెలకు ఏటి మార్కులు. ప్రతి చోటికీ ఇంతకు తగ్గకూడదని ఒక హద్దు పెట్టుకున్నారు. తగ్గితే వెంటనే ప్రభుత్వ పర్యావరణ సంస్థకు కబురు. 2007లో మొదలైన ఈ ఏర్పాటులో పనిచేసే గాలంరాయుళ్ళకు ఒకరోజు శిక్షణ ఇస్తారు. జీతం మాత్రం లేదు.

చేపలు పట్టేవాళ్ళకు పురుగులతో పనేమిటని అడిగాను. ఆయన జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో ఈకలతో, పట్టుదారంతో గాలాలకు కట్టిన దొంగ ఈగలు వరసగా ఉన్నాయి. ఏటి పురుగు రెక్కలు తొడిగి పైకి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే కట్టాలి. లేకపోతే ట్రౌట్ మోసపోదు. చేపను మోసం చేయడానికి నేర్చిన విద్యే ఇప్పుడు ఏటికి కాపలా కాస్తున్నదన్నమాట.

2013 జూలైలో ఇటువంటివాళ్ళే మార్ల్‌బరో దగ్గర మామూలుగా లెక్కకు దిగారు. వలలో రొయ్యలు చచ్చిపడి ఉన్నాయి, పురుగులూ అంతే. పైన నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే నిర్మలంగా ఉన్నాయి. చేపలు తిరుగుతూనే ఉన్నాయి. వెదికితే ఆ విషం పట్టణపు మురుగునీటి శుద్ధి కేంద్రం గుండా వచ్చిందని తేలింది. దిగువన సుమారు 15 కిలోమీటర్ల మేర చిరుప్రాణులు నశించాయి. ఎవరో ఇంట్లోనో దుకాణంలోనో తూములో పారబోసి ఉండాలి. చాలా కొద్దిపాటి మందే అంత పని చేసింది.

“పరీక్షకు సీసాలో పడితే ఆ గడియకు ఉన్న నీటి సంగతే తెలుస్తుంది. పొద్దున వచ్చిన విషం సాయంత్రానికి సాగిపోతే సీసాకేం తెలుసు? పురుగు రేయింబవళ్ళూ అక్కడే ఉంటుంది కదా!” అన్నాడు పెద్దమనిషి. ఈ లెక్కకు అందని కాలుష్యాలూ ఉన్నాయని ఆయనే ఒప్పుకున్నాడు.

ఇంతకూ ఆ మందు పేరు క్లోర్‌పైరిఫాస్. వినగానే ఉలిక్కిపడ్డాను. మన రైతులకు ఆ పేరు కొత్తా? పైరుకు కొట్టేదీ అదే, ఇళ్ళ పునాదుల్లో చెదలకు పోసేదీ అదే. మందుడబ్బాను పంటకాలువలో జాడించి, ఆ చేతులే అక్కడే కడుక్కుని ఇంటికి పోయేవాళ్ళను ఎన్నిసార్లు చూశానో! ఇంగ్లండులో 2016లో దాని వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపేశారు.

“మన ఊరి కాలవలో కూడా ఇలాంటి పురుగులు ఉంటాయా తాతయ్యా?” అన్నాడు మనవడు.

ఉండేవనే చెప్పాను. చిన్నప్పుడు రాయి తిప్పితే ఏదో ఒకటి పరుగెత్తేది. ఇప్పుడు తిప్పి చూసినవాళ్ళు లేరు.

పెద్దమనిషి మార్కులు కూడి పుస్తకంలో రాశాడు. హద్దుకు రెండు పైనే వచ్చాయి. పళ్ళెంలోని ప్రాణులను మెల్లగా ఏట్లోకి వదిలి, వలనూ తొడుగులనూ కడిగి ఆరవేశాడు. ఒక ఏటి తెగులు ఇంకో ఏటికి అంటకుండా ఉండాలట.