పునాది కడ కాపరి

ఇంగ్లండు దేశమున ఒక రైతు తన పొలములో పశువులకు క్రొత్త కొట్టము కట్టదలచెననుకొందము. ఆ చేరువ ప్రాచీన నివాసముల జాడలున్నచో, స్థానిక పాలకసంఘము అనుమతి నిచ్చుచు ఒక నిబంధన చేర్చవచ్చును: పునాది త్రవ్వునంతసేపు పురావస్తు పరిశోధకుడొకడు దగ్గర నిలిచి చూడవలెను. 1990లో వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకముతో ఈ పద్ధతి అచట స్థిరపడెను. ఖర్చు కట్టించువానిదే. రైతు మొగము చిట్లించుకొనుటలో వింత లేదు. చలి ముదురకముందే పశువులను లోపలికి చేర్చవలెను గదా!

త్రవ్వు యంత్రమునకు పండ్లు లేని తొట్టిని తగిలింతురు. పండ్లున్న తొట్టి నేలను చీల్చివేయును. నునుపైన అంచు మంటిని పొరపొరగా గీకును. మొదట దుక్కిమన్ను, దాని క్రింద మరియొక పొర, ఆ దిగువ మనుష్యుని చేయి సోకని నేల. పరిశోధకుని చూపంతయు ఆ నేలపైననే. అచట అతడు వెదకునది ఒక మరక. వెయ్యేండ్ల క్రిందట ఎవరో ఇంటికి గుంజ పాతిరి. కొయ్య కుళ్ళిపోయెను, గుంటలో వేరు మన్ను చేరెను. పళ్ళెమంత నల్లని గుండ్రన మిగిలెను. అట్టివి నాలుగు వరుసగా కనబడినచో, అది యొక ఇంటి గోడ కావచ్చును. యంత్రము ఇంకొక జానెడు దిగెనా, ఆ యిల్లు లోకములో లేనట్లే. అందుచే అతడు చేయి యెత్తగానే యంత్ర మాగును. చిన్న తాపీతో మన్ను గీకి, కొలకర్ర నుంచి ఛాయాచిత్రము తీసి, కొలతలతో పటము గీయును.

దుక్కిమంటిలో కుండపెంకులు దొరకినంతనే అచట ఇల్లుండెనని తొందరపడరాదు. పూర్వము పగిలిన కుండలను పెంటకుప్పపై పారవేసెడివారు. ఎరువుతో పాటు పెంకులును పొలము చేరెను. మన పల్లెలలోను ఇంతే గదా! మనుష్యుల యెముకలు బయటపడిన సంగతి వేరు. న్యాయశాఖ అనుమతిపత్రము లేనిదే వానిని కదల్పరాదు.

తరచుగా ఏమియు దొరకదు. అయినను “ఏమియు లేదు” అని నివేదిక వ్రాసి, ఆ ప్రాంతపు చారిత్రక పట్టికలో చేర్తురు. ఆ పొరుగున రేపు కట్టబోవువానికి అదియు ఉపయోగపడును.

ఇట్టి కాపు లేనిచోట జరుగునది తెలుగువారెరుగనిది కాదు. కట్టడములకు రాళ్ళు కావలసి 18వ శతాబ్దాంతమున అమరావతి దిబ్బను త్రవ్విరి. కల్నల్ మెకంజీ 1816లో మరల వచ్చి చూచునప్పటికి దిబ్బ నడుమ చెరువు గుంట యుండెను. అతని మనుష్యులు మిగిలిన శిల్పములకు చిత్రములు గీచిరి. ఆ చిత్రములలోని ఫలకములలో కొన్ని నేడు కాగితముమీద తప్ప మరెచ్చటను కానరావు.