మిగిలిన రెండిడ్లీలు

మా వారికి షుగరుందని డాక్టరుగారు చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇడ్లీ తినొచ్చాండీ?" అని. కళ్లకేమవుతుందని అడగలేదు, కిడ్నీలకేమవుతుందని అడగలేదు. పాతికేళ్లుగా పొద్దున్నే నాలుగిడ్లీలు, నెయ్యి, కారప్పొడి, అల్లప్పచ్చడి! ఆ పళ్లెం ముందుకు రానిదే ఆయనకి తెల్లవారినట్టు కాదు. డాక్టరుగారు నవ్వి, "రెండు తినండి. మిగతా కడుపు పిండి తక్కువుండే మరోదాంతో నింపుకోండి" అన్నారు. ఆ 'మరోటి' ఏమిటో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. ఆటో ఎక్కేసరికి అది నా పనైపోయింది.

ఇది ఒక్క మా ఇంటి బాధే అయితే ఇక్కడ ఏకరువు పెట్టేదాన్ని కాదు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైమాటేనట! అన్ని ఇళ్లలోనూ పొద్దున ఏడింటికి ఎవరో ఒకామె పొయ్యి ముందు నిలబడి, 'ఇవాళేం పెట్టాలి భగవంతుడా' అనుకుంటూనే ఉంటుంది కదా.

మర్నాడు నోటుపుస్తకం తీసుకుని మన టిఫిన్లన్నీ వరసగా రాసుకున్నాను. ఇడ్లీ, దోశ, ఉప్మా, పూరీ, అటుకులు, సేమ్యా. తీరా చూస్తే అన్నీ బియ్యానికో, గోధుమలకో పుట్టిన పిల్లలే. పేర్లు వేరుగాని ఇంటిపేరు ఒకటే, పిండి! మామూలు సైజు ఇడ్లీలో సుమారు 8 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. నాలుగింటికి ముప్పై దాటింది. అది కాస్తా అరిగి నెత్తుట్లోకి చక్కెరగానే చేరుతుంది. నాలుక్కి తియ్యగా లేదు కదా అని మనం ధీమాగా ఉంటాం.

"మేం చద్దన్నాలు తిని పెరిగినవాళ్లమే. మాకీ రోగాలెక్కడివమ్మాయ్?" అన్నారు మా అత్తగారు.

పెద్దల మాట చద్దిమూట అంటారు. కాదనను. కాని ఆ మూట కట్టుకెళ్లినవాళ్లు పొద్దువాలేదాకా నాగలి పట్టారు. వాళ్ల అబ్బాయిగారు పట్టేది స్కూటరు హ్యాండిలు, ఇంటికొచ్చాక టీవీ రిమోటు. ఈ మాట నేను మనసులోనే అనుకున్నాను లెండి.

సలహాలకి కొదవేముంది! పక్కింటి వదినగారు రాగిజావ కాచి గిన్నెతో సహా పంపారు. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి జరిపింది మొదలు, రాగులూ కొర్రలూ తింటే షుగరే ఉండదన్నంత నమ్మకం మనకి కుదిరిపోయింది. లెక్క చూస్తే, నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, రాగుల్లోనూ జొన్నల్లోనూ 70కి కాస్త అటూ ఇటూ. పీచుంటుంది, రాగుల్లో కాల్షియం పుష్కలం, మంచివే. కాని బియ్యం మానేశానని రెండు గ్లాసుల జావ తాగేస్తే, ముందు తలుపు మూసి పెరటి తలుపు తీసినట్టే.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోన్లో బాదంపిండి బ్రెడ్డు చెప్పింది. బాదంపప్పు ధర విన్నాక మా వారి బీపీ కూడా చూపించాల్సొస్తుందని ఊరుకున్నాను. కాలీఫ్లవర్ తురిమి ఉప్మా చెయ్యమంది. చేశాను. ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, జీడిపప్పు, అన్నీ సలక్షణంగా పడ్డాయి. మా వారు రెండు చెంచాలు తిని, "ఏమోయ్, ఇది ఉప్మా వేషం కట్టిన కూర" అన్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కూరగా బాగానే ఉంది.

ఇంతకీ మా ఇంట నిలదొక్కుకున్నవి చెబుతాను. మొదటిది పెసరట్టు. పొట్టుపెసలు నానబోసి, గుప్పెడు బియ్యం కలిపే అలవాటు మాని, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బుకోవడమే. లోపల ఉప్మా పెట్టకూడదు. ఎమ్మెల్యే పెసరట్టుకి మా ఇంట్లో పదవి పోయింది! పెసల్లోనూ సగం దాకా పిండే ఉంటుంది. అయితే నూటికి 24 పాళ్లు మాంసకృత్తులు, పైన బోలెడు పీచు. అందుకని మెల్లగా అరుగుతుంది, రెండట్లతో కడుపు నిలుస్తుంది. రెండోది మునగాకు వేసిన ఆమ్లెట్. గుడ్డులో పిండిపదార్థం గ్రాము కూడా ఉండదు, మాంసకృత్తులు ఆరు గ్రాములు. మూడోది ఉల్లిపాయ, టమాటా వేయించి అందులో పనీరు చిదిపి చేసే పొరటు. అత్తగారు గుడ్డు ముట్టరు గనక ఇది ఆవిడకీ నప్పింది. నాలుగోది ఆవిడే గుర్తు చేశారు. ఒట్టి మినప్పిండిలో సొరకాయ తురుము కలిపి పల్చగా వేసే అట్టు. ఏమీ తోచని రోజున ఉడకబెట్టిన వేరుశనగకాయలు, కీరా ముక్కలు, పంచదార లేని పెరుగు.

చెప్పొద్దూ, ఈ విజయంతో నాకు కాస్త గర్వం పట్టుకుంది. ఓ రోజు అట్టు కూడా మానిపించి, రెండు గుడ్ల ఆమ్లెట్టూ కీరా ముక్కలూ పెట్టి పంపేశాను. ఆయన మామూలుగా వేసుకునే మాత్ర మామూలుగానే వేసుకున్నారు. పదకొండింటికి బ్యాంకు క్యూలో చెమటలు, చేతులు వణుకు, కళ్లు తిరగడం. ఎవరో పుణ్యాత్ముడు గబగబా తియ్యటి టీ తాగించి కూర్చోబెట్టాడు. సాయంత్రం డాక్టరుగారు నాకు బాగానే అక్షింతలు వేశారు. "తిండిలో పిండి తగ్గించేటప్పుడు మాత్ర మోతాదు సంగతి నన్నడగాలి కదమ్మా! షుగరు 70 కన్నా దిగితే ప్రమాదం. అలాంటప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి" అన్నారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు పప్పులూ గుడ్లూ పెంచే ముందు కూడా అడిగి తీరాలట. ఇన్సులిన్ తీసుకునేవారున్న ఇళ్లలో ఈ మాట వంటింటి గోడమీద రాసుకోదగ్గది.

మూడు నెలలు గడిచాయి. మూడు నెలల సగటు చెప్పే ఆ హెచ్‌బీఏవన్‌సీ పరీక్షకి మళ్లీ వెళ్లాం. డాక్టరుగారు నా వంక చూసి, "నలభై దాటాయి కదా, మీరూ ఇచ్చేయండమ్మా రక్తం" అన్నారు. సరేనని ఇచ్చాను. ఆయనది 8.2 నుంచి 6.9కి దిగింది. నాది 7.6. ఆరున్నర చేరితే షుగరున్నట్టే లెక్క.

"పొద్దున మీరేం తింటారమ్మా?" అని అడిగారు డాక్టరుగారు.

నాకు చప్పున జవాబు రాలేదు. అలవాటు చొప్పున మా వారి వంక చూశాను. ఆయనకీ తెలియదు. ఒకే ఇంట్లో పాతికేళ్లున్న మనిషి, నేను పొద్దున ఏం తింటానో చెప్పలేక కళ్లజోడు తుడుచుకున్నారు.

దారంతా ఆలోచిస్తే జవాబు దొరికింది. మా అబ్బాయికి ఇడ్లీ వేయక తప్పదు. వాయి దింపాక వాళ్ల నాన్నగారు మానేసిన రెండిడ్లీలు మిగులుతాయి. అబ్బాయి సగం వదిలేసిన దోశ, గిన్నెకంటుకున్న ఉప్మా. పారేయడానికి మనసొప్పదు. పదిన్నరకి, పొయ్యిగట్టు దగ్గర నిలబడి, రెండు చెంచాల పంచదార కాఫీతో అవి కానిచ్చేదాన్ని. ఆయన పళ్లెంలోంచి నేను తీసేసిన పిండంతా మూడు నెలలుగా నా కడుపులోకే పోసుకుంటున్నానన్నమాట! మా అమ్మకీ షుగరుంది గనక ఆ ఆస్తి నాకెలాగూ రావలసిందే. దానికి ఈ మిగుళ్లు తోడయ్యాయి.

మరో సంగతి తట్టి నాకే సిగ్గేసింది. ఇన్ని నవలలు రాశాను కదా, నా నాయికల్లో ఒక్కతె కూడా పొద్దున కూర్చుని తినదు. వడ్డిస్తుంది, కాఫీ కలుపుతుంది, కిటికీలోంచి చూస్తుంది. ఏ పాఠకురాలూ 'ఆమె ఏం తిన్నది?' అని ఉత్తరం రాయలేదు. ఎలా రాస్తారు, చదివేవాళ్లూ అప్పుడు నిలబడే తింటున్నారేమో!

మర్నాడు నేను లేచేసరికి వంటింట్లో గరిటె చప్పుడు. మా వారు పెనం ముందు నిలబడి పెసరట్టు వేస్తున్నారు. మొదటి అట్టు పెనానికి అంటుకుని నాలుగు ముక్కలైంది. మీకు తెలియంది కాదు, ఎవరింట్లోనైనా ఆ చినిగిన మొదటి అట్టు ఎవరికి చెందుతుందో. నేను చెయ్యి చాపాను. ఆయన ఆ ముక్కలు తన పళ్లెంలో వేసుకుని, "నువ్వెళ్లి కూర్చోవోయ్" అన్నారు. రెండోది, గుండ్రంగా వచ్చింది, తెచ్చి నా ముందు పెట్టారు. ఉప్పు తక్కువైంది. చెప్పలేదు. మూడోది తెచ్చినప్పుడు చెప్పాను.

ఇప్పుడు మా ఇంట్లో ఇడ్లీ లెక్కపెట్టి వేస్తాను, వాయి నిండకపోయినా సరే. నేను కూడా ఎనిమిదింటికే కూర్చుని తింటున్నాను. ఇప్పుడు రాస్తున్న నవలలో ఆరో అధ్యాయం దగ్గర నాయికని కూడా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమెకేం పెట్టాలో ఇంకా తేలలేదు. మిగిలింది మాత్రం పెట్టను.