సరస్సు వైపు తిరిగిన ఊరు

మనీలాకు ఆగ్నేయంగా లగునా దె బాయి అనే సరస్సు ఉంది. ఫిలిప్పీన్స్‌లో అంతకన్నా పెద్ద సరస్సు లేదు. వైశాల్యం సుమారు 900 చదరపు కిలోమీటర్లు, సగటు లోతు మాత్రం మూడు మీటర్లలోపే. చాలాచోట్ల పడవవాడి వెదురుగడ నేలకు ఆనుతుంది. చుట్టూ ఉన్న కొండల మీంచి ఇరవైకి పైగా ఏర్లు వచ్చి అందులో కలుస్తాయి. బయటికి పోయే దారి ఒక్కటే, పాసిగ్ నది. అది మనీలా నగరం మధ్యగా పారి సముద్రంలో పడుతుంది. ఎండాకాలం సరస్సు నీరు తగ్గినప్పుడు, పోటు సముద్రపు నీటిని అదే నదిలో వెనక్కి తోస్తుంది. ఉప్పునీరు వస్తే బురద అడుగుకు దిగి నీరు తేటపడుతుంది, చేప బాగా పెరుగుతుంది. అక్కడి బెస్తవాళ్లు ఏటా దానికోసం ఎదురుచూసేవారు. ఆ సరస్సుకు ఆగ్నేయపు ఒడ్డున ఉన్న ఊరు శాంతా క్రూజ్, లగునా ప్రావిన్స్‌కు రాజధాని. నా బాల్యంలో మంచి భాగమంతా ఆ ఊరి చుట్టుపక్కలే గడిచింది.

నాన్న మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో కీటక శాస్త్రవేత్త. డెబ్బైల మధ్యలో, అదే సరస్సు ఒడ్డున ఉన్న లోస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు వచ్చారు, ఆయన వెంట అమ్మ, నేను, తమ్ముడు. 1960లో మొదలైన ఆ సంస్థ 1966లో ఐఆర్-8 వంగడాన్ని విడుదల చేసింది. మరుసటి ఏడాదే మారుటేరుకు దగ్గరలోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి, మిస్టర్ ఐఆర్-8 అని పేరు తెచ్చుకున్నారు. లోస్ బాన్యోస్ ప్రపంచపటంలో ఎక్కడుందో మా తాతయ్యగారి ఊళ్లో చాలామందికి తెలియదు. అక్కడి గింజ మాత్రం అందరి గాదెల్లోకీ వచ్చేసింది. అందుకే మేం పరాయి దేశం వెళ్తున్నామని ఎవరూ అనుకోలేదు, వరి పుట్టింటికి వెళ్తున్నామనుకున్నారు.

సెలవురోజు పొద్దున్నే శాంతా క్రూజ్ వెళ్లే జీప్నీ బండి ఎక్కేవాళ్లం. వెనక నుంచి ఎక్కి రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చోవాలి. డబ్బులు పక్కవాళ్ల చేతిలో పెడితే ఒకరి నుంచి ఒకరికి అంది డ్రైవర్ దాకా పోతాయి, చిల్లర అదే దారిన తిరిగొస్తుంది. ఒక్క నాణెం కూడా దారి తప్పడం నేను చూడలేదు. మకీలింగ్ కొండ వెనక్కి జరిగిపోతుంటే బాయి, కలవాన్, పీలా ఒక్కొక్కటే వచ్చేవి. కలవాన్‌లో రోడ్డు పక్కన అనాసకాయల గుట్టలు. పీలా దగ్గరికి వచ్చేసరికి కుడివైపు బనహావ్ పర్వతం మబ్బుల్లోంచి బయటపడేది. రెండు వేల మీటర్లకు పైబడిన ఆ అగ్నిపర్వతం మీంచి దిగే నీళ్లే ఈ వైపు పొలాలన్నిటికీ ఆధారం. ఎడమవైపు వరిచేలు, వాటి చివర తెల్లటి గీతగా సరస్సు.

అమ్మకు శాంతా క్రూజ్ మార్కెట్టంటే ప్రాణం. అక్కడ మునగాకు, తూటికూర, కాకరకాయలు, చేమదుంపలు, పచ్చి చింతకాయలు, పెసలు, ఇవన్నీ గుట్టలు పోసి ఉండేవి. మేం తినేవన్నీ వాళ్లూ తినేవారు, వండే తీరే వేరు. మునగాకును కోడి పులుసులో వేస్తారు. కాకరను కోడిగుడ్డుతో వేయిస్తారు. కూరగాయలమ్మే ఆవిడ అమ్మను ‘ఆతె’ అని అక్క వరస పెట్టి పిలిచేది. మార్కెట్లో పిల్లలకు మాత్రం మేం ‘బుంబాయ్’లం. ఆ దేశంలో భారతీయులందరికీ అదే పేరు. మోటారుసైకిళ్ల మీద తిరిగి వడ్డీకి డబ్బిచ్చే పంజాబీలనే వాళ్లు ఎక్కువగా చూశారు మరి. మా అమ్మ దగ్గర అప్పు పుట్టదని తెలిశాక ఆ మాట వాళ్ల నోట ముద్దుపేరుగా మారింది.

ఆ ఊరి పేరు చెప్పగానే లగునా అంతటా గుర్తుకొచ్చేది తెల్ల జున్నుగడ్డ, వాళ్ల మాటలో ‘కెసోంగ్ పుతీ’. గేదెపాలతో చేస్తారు. అక్కడి గేదె మన గేదెలా పాడికోసం పెంచింది కాదు, మడి దున్నే జంతువు. పాలు కొద్దిగా ఇస్తుంది, కానీ చిక్కగా ఇస్తుంది. ఆ పాలను గోరువెచ్చగా చేసి, ఉప్పు వేసి, విరిచి, నీరు ఓడ్చి, చిన్న చిన్న ముక్కలుగా అరిటాకులో చుడతారు. తెల్లవారుజామున చేసినది పొద్దెక్కేలోపు అయిపోవాలి. వేడివేడి రొట్టె మధ్యలో పెట్టుకు తింటే అరిటాకు వాసన, ఉప్పదనం, పాలతీపి మూడూ ఒక్కసారే నాలుకకు తగులుతాయి. విరవడానికి దూడ పొట్టలోని పొర వాడతారని తెలిసిన రోజున అమ్మ ఆగిపోయింది. తర్వాత వెనిగర్‌తో విరిచే ఇల్లొకటి వెతికి పట్టుకుని, మళ్లీ మాకు తినిపించింది.

మార్కెట్ పని అయ్యాక చర్చి ముందున్న ప్లాజాకు వెళ్లేవాళ్లం. స్పెయిన్‌వాళ్లు వేసిన ఊళ్లన్నీ అదే పద్ధతిలో ఉంటాయి: మధ్యలో ఖాళీస్థలం, ఒకవైపు చర్చి, మరోవైపు ఊరి కచేరీ. లుంబాన్‌లో భాగంగా ఉన్న శాంతా క్రూజ్ 1602లో విడిపడి ఊరయింది. రాజధాని కావడానికి ఇంకా రెండున్నర శతాబ్దాలు పట్టింది. లగునాకు మొదటి రాజధాని బాయి. 1688లో ఆ హోదా పగ్సన్హాన్‌కు పోయింది. 1858లో అక్కడి నుంచి శాంతా క్రూజ్‌కు వచ్చింది. ఈ మూడు ఊళ్లూ నీటి పక్కనివే. పగ్సన్హాన్ నది ఎగువన, రెండు నదులు కలిసే చోట ఉంది. శాంతా క్రూజ్ నేరుగా సరస్సు మీదికే తెరుచుకుంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో మనీలా నుంచి పొగపడవలు పాసిగ్ నదిలో ఎదురెక్కి, సరస్సు దాటి, ఇక్కడికి చేరేవి. పడవ ఎక్కడ ఆగితే గుమాస్తా, జడ్జీ, పన్ను డబ్బూ అక్కడే దిగుతాయి. రాజధాని ఇక్కడికి రావడానికి అసలు కారణం ఆ రేవేనని నా నమ్మకం. ఇదే ప్రావిన్స్‌లోని కలంబాలో 1861లో పుట్టిన హోసె రిసాల్ తన రెండో నవల ‘ఎల్ ఫిలిబుస్తెరిస్మో’ను సరిగ్గా అలాంటి పొగపడవ మీదే మొదలుపెట్టాడు. ఆ పడవ పాసిగ్‌లో ఎదురెక్కుతూ లగునాకే వస్తుంటుంది. మాకు స్కూల్లో ఆ అధ్యాయం చెబుతున్నప్పుడు ఆ దారి నాకు తెలిసిన దారేనని ఎంత పొంగిపోయానో!

అమెరికాతో యుద్ధం కూడా ఆ నీటి మీదుగానే వచ్చింది. 1899 ఏప్రిల్‌లో అమెరికన్ జనరల్ లాటన్ సుమారు 1,500 మంది సైనికులను పడవల్లో ఎక్కించి సరస్సు దాటించాడు. ఏప్రిల్ 10న శాంతా క్రూజ్ అతని చేతికి చిక్కింది. పట్టుకున్న ఊళ్లను నిలబెట్టుకునేంత సైన్యం లేక కొద్దిరోజుల్లోనే వెనక్కి పోయాడు. అదే నెలలో విప్లవ సంఘం కతిపునాన్ మేధావి ఎమిలియో హసింతో లగునాలో మలేరియాతో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 23 ఏళ్లు. ముందు అతన్ని పాతిపెట్టింది శాంతా క్రూజ్‌లోనే. లగునాలో చివరిదాకా పోరాడిన జనరల్ హువాన్ కాయెస్ 1901లో లొంగిపోయి, తర్వాత ఇదే ప్రావిన్స్‌కు గవర్నర్ అయ్యాడు. అమెరికన్ల కాలంలో సరస్సు ఒడ్డు వెంట పగ్సన్హాన్ దాకా రైలు వేశారు. పొగపడవల రోజులు అక్కడితో ముగిశాయి. ఆ తర్వాత రోడ్డు రైలును మింగింది. 1945లో చర్చి కాలిపోయింది. మేం చూసింది తర్వాత కట్టినది.

మా రోజుల నాటికి ఊరి ముఖం రోడ్డు వైపు తిరిగిపోయింది. దుకాణాలు, బస్సులు, కాపిటోల్ భవనం, అన్నీ హైవేను చూస్తున్నాయి. సరస్సు చూడాలంటే ఊరి వెనక సందుల్లోంచి, ఎండబెట్టిన వలలు దాటుకుంటూ వెళ్లాలి. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లింది నాన్న పని.

ఆ పని సుడిదోమ. 1973 ప్రాంతంలో లగునా చేలను సుడిదోమ ఊడ్చేసింది. గోధుమరంగు దోమ, బియ్యపుగింజంత కూడా ఉండదు. దుబ్బు మొదట్లో నీటికి పైన చేరి రసం పీలుస్తుంది. పచ్చటి చేలో గుండ్రంగా ఒక ఎండు మచ్చ కనపడుతుంది, వారం తిరిగేసరికి మడంతా కాలినట్టు పడిపోతుంది. 1973లోనే ప్రభుత్వం ‘మసగానా 99’ అనే పథకం మొదలుపెట్టింది. హెక్టారుకు 99 కవాన్లు, అంటే 99 బస్తాలు, పండించాలని లక్ష్యం. అప్పు, ఎరువు, పురుగుమందు కలిపి ఇచ్చారు. మందు కొట్టినకొద్దీ దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చచ్చేవి, దోమ రెట్టింపయ్యేది. నాన్న శాంతా క్రూజ్, విక్టోరియా, పీలా చేలల్లో తిరుగుతూ ఈ సంగతే చెప్పేవారు. మందు కొట్టకండి అని చెప్పే సంస్థ మనిషిని ఏ రైతు నమ్ముతాడు? ఆయన వాదించేవారు కాదు. దుబ్బును అరచేత్తో చరిచి, నీళ్ల మీద రాలిన దోమల్ని, సాలీళ్లను వేరువేరుగా లెక్కపెట్టమని రైతుకే చెప్పేవారు. ఆ లెక్క నాకూ వచ్చు. మోకాలి లోతు బురదలో నిలబడి, పక్కనే సరస్సు అలల చప్పుడు వింటూ నేర్చుకున్నాను.

దోమను తట్టుకునే ఐఆర్-26ను విడుదల చేస్తే, రెండు మూడేళ్లకే దాన్నీ తినగల దోమ తయారైంది. 1976లో వచ్చిన ఐఆర్-36 నిలబడింది. దోమ మోసుకొచ్చే గడ్డి కుదురు తెగులును తట్టుకునే గుణం దానికి మన ఉత్తరప్రదేశ్‌లో దొరికిన ఒక అడవి వరి నుంచి వచ్చింది. నాన్న ఈ మాట ప్రతి గట్టు మీదా చెప్పేవారు. వాళ్ల గింజ మనకు అన్నం పెట్టింది, మన గడ్డి వాళ్ల చేనును కాపాడింది అని ఆయనకు గొప్ప తృప్తి.

చేలకు అవతల, నీటి మీద మరో వ్యాపారం పెరుగుతుండేది. వెదురు గడలు పాతి, వలలు కట్టి, లోపల పాలబొంత చేపల్ని పెంచే దొడ్లు అవి. డెబ్బైలలో మొదలై, 1983 నాటికి సరస్సులో సుమారు మూడో వంతును ఆక్రమించాయి. పెట్టుబడి మనీలా పెద్దలది. చిన్న పడవల బెస్తవాళ్లకు దారులు మూసుకుపోయాయి. వాళ్లు పట్టే అయుంగిన్, కందులీ, దలాగ్ తగ్గిపోయాయి. దలాగ్ అంటే మన కొర్రమీనే. అదే ఏడాది నపిందాన్ దగ్గర, సరస్సు నుంచి పాసిగ్ మొదలయ్యే చోట, ఉప్పునీరు రాకుండా తలుపులు కట్టారు. బెస్తవాళ్లు వద్దన్నారు, కట్టేశారు. ఇదంతా మాకు కొత్తగా తోచలేదు. గుర్రపుడెక్క నిండిన నీరు, గట్ల కోసం కొట్లాటలు, తరిగిపోతున్న కొర్రమీను, ఇవన్నీ కొల్లేరులోనూ చూశాం. కొల్లేరులో 2006లో చెరువుగట్లు పేల్చేశారన్న వార్త చదివినప్పుడు నాకు మొదట కళ్ల ముందు మెదిలింది శాంతా క్రూజ్ ఒడ్డే.

తుపాను వస్తే ఆ ఒడ్డున బతకడం ఎంత కష్టమో చెప్పాలి. వాన ఆగినంత మాత్రాన సరస్సు తగ్గదు. పోవడానికి పాసిగ్ ఒక్కటే కదా. 2009 సెప్టెంబరులో ఒందోయ్ తుపాను తర్వాత ఒడ్డునున్న ఊళ్లలో నీళ్లు నెలల తరబడి నిలిచిపోయాయి. ఇక ఊరి ఎదుగుదల సంగతి: లగునాలో కలంబా, శాన్ పాబ్లో, శాంతా రోసా, బిన్యాన్ వంటివి నగర హోదా పొందాయి. రాజధాని శాంతా క్రూజ్ మాత్రం ఇప్పటికీ మున్సిపాలిటీయే. కర్మాగారాలూ రహదారులూ మనీలా వైపు ఊళ్లకు వెళ్లాయి. నాకైతే చిన్న ఊరుగా మిగిలిపోవడమే దానికి మంచి చేసిందనిపిస్తుంది. ప్లాజా ఇంకా నడిచి దాటగలిగినంతే ఉంది.

మేం తిరిగి వచ్చేసిన చాలాకాలానికి, 1989లో, పక్కనే లుంబాన్ దగ్గర నదీముఖంలో ఇసుక తోడుతుంటే నల్లబడిన ఒక రాగిపలక దొరికింది. సుమారు ఇరవై సెంటీమీటర్లు ఇటు, ముప్పై అటు. ఆ చోటు నాకు బాగా తెలుసు, ఇసుక పడవల్ని తమ్ముడూ నేనూ చూసిన రేవులే అవి. పలకను జాతీయ మ్యూజియం కొన్నది. ఆంటూన్ పోస్ట్మా అనే డచ్ పండితుడు చదివాడు. భాష పాత మలయ్, అందులో సంస్కృత పదాలు. లిపి కవి లిపి. అది పల్లవ లిపి నుంచి వచ్చింది, అంటే మన తెలుగు అక్షరాలకు దాయాది. తేదీ శక సంవత్సరం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చవితి, సోమవారం. క్రీస్తుశకం 900 ఏప్రిల్ 21. ఫిలిప్పీన్స్‌లో ఇప్పటిదాకా దొరికిన రాతల్లో తేదీ వేసిన అతి పాతది ఇదే. అమ్మకు ఈ తేదీ చదివి వినిపిస్తే పంచాంగంలో మాటలే కదా అని మరో రెండుసార్లు చదివించుకుంది.

పలకలో ఉన్నది ఒక రుణవిముక్తి. నమ్వరాన్ అనే వ్యక్తి బాకీపడ్డ బంగారం, ఇప్పటి లెక్కలో 926 గ్రాములు, అతని సంతానానికి మాఫీ అయిందని పెద్దలు సాక్షులుగా రాయించారు. అందులో పాయిలా అనే ఊరు వస్తుంది. అది మనీలాకు ఉత్తరాన బులకాన్‌లో ఉందని పోస్ట్మా అన్నాడు. మా జీప్నీ దారిలోని పీలాయేనని మరికొందరు అంటారు. నేను పీలా పక్షం. పత్రం దొరికింది ఈ సరస్సు ఒడ్డున, ఊరు మాత్రం ఇంకెక్కడో ఉందనడం నాకు మింగుడుపడదు. పలక చివరి వరుసలో వాక్యం పూర్తి కాలేదు. మధ్యలోనే తెగిపోయింది, కాబట్టి దీనికి కొనసాగింపుగా రెండో పలక ఉండి ఉంటుందంటారు. అది లుంబాన్ ఇసుకలోనే ఉండాలని, ఇసుక లారీల్లో ఏ గోడలోకో పోకముందే ఎవరి పారకైనా తగలాలని నా కోరిక.