చక్రవర్తుల నగరంలో పేదల వంట

2025 డిసెంబరు 10. ఢిల్లీ ఎర్రకోటలో యునెస్కో సమావేశం. మన దీపావళికి మానవాళి వారసత్వ జాబితాలో చోటు దక్కిన రోజది. అదే వేదిక మీద ఆ రోజే మరో పేరు కూడా వినిపించింది... ఇటాలియన్ వంట! ఏదో ఒక వంటకానికి కాదు, వండుకోవడం, అందరూ కలిసి కూర్చుని తినడం అనే మొత్తం పద్ధతికే ఆ గౌరవం దక్కింది.

ఆ పద్ధతిని కళ్లారా చూడాలంటే రోమ్ వీధుల్లో భోజనానికి కూర్చోవాలి. కొలోసియం, వాటికన్, ట్రెవీ ఫౌంటెన్... రోమ్ అనగానే గుర్తొచ్చేవన్నీ చక్రవర్తులూ పోపులూ కట్టించినవే. భోజనం బల్ల దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. అక్కడ పేరున్న వంటకాల్లో చాలావరకు గొర్రెల కాపరులు, కబేళా కూలీలు, గోడల మధ్య బతికిన యూదులు కడుపు నింపుకోవడానికి వండుకున్నవే.

మావారు, ఇంటర్ చదివే మా అబ్బాయి, కోడిగుడ్డు కూడా ముట్టని మా అత్తయ్య, నేను... నలుగురం ఐదు రోజులు రోమ్‌లో ఉన్నాం. చూసిన కట్టడాల గురించి చాలామంది రాశారు. అందుకే ఈసారి తిన్న తిండి గురించి!

బోర్డు చదవడం తెలిస్తే...

రోమ్‌లో తిండి దొరికే చోట్లకు రకరకాల పేర్లు. 'రిస్టొరాంటె' అంటే తెల్లగుడ్డ పరిచిన బల్లలు, పెద్ద మెనూ, దానికి తగ్గ ధర. 'ట్రాటోరియా' మన ఊళ్లలో మెస్ లాంటిది. చాలాచోట్ల కుటుంబమే నడుపుతుంది. 'ఒస్తెరియా' ఒకప్పుడు ద్రాక్షసారా దుకాణం. తిండి మూట కట్టుకుని వెళ్లి అక్కడ కూర్చుని తినేవారట. ఇప్పుడు ట్రాటోరియాకూ దానికీ పెద్ద తేడా లేదు. ఇక 'పిజ్జా అల్ తాల్యో' అని రాసి ఉంటే కూర్చోవడం గురించి ఆలోచించక్కర్లేదు. పొడవాటి రేకుల్లో కాల్చిన పిజ్జాను ఎంత కావాలో చేత్తో చూపిస్తే అంత కోసి, కాటాలో తూచి ఇస్తారు. మా అబ్బాయికి ఇదే బాగా నచ్చింది.

వేళలు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, మూడు దాకా భోజనం. మళ్లీ రాత్రి ఏడున్నరకే పొయ్యి వెలిగేది. మధ్యలో చాలా ట్రాటోరియాలకు తలుపులు వేసేస్తారు. సాయంత్రం నాలుగింటికి కూడా వేడివేడి పాస్తా ఉందంటూ, ఆరు భాషల్లో ఫొటోలతో మెనూ పట్టుకుని రోడ్డు మీదే పిలిచే చోట్లు పెద్ద కట్టడాల చుట్టుపక్కల కనిపిస్తాయి. అవి పర్యాటకుల కోసమే. నాలుగు సందులు దాటి, చేత్తో రాసిన చిన్న మెనూ, లోపల ఇటాలియన్ మాటలు ఉన్నచోటికి వెళ్తే జేబుకూ నాలుకకూ మంచిది. మామూలు ట్రాటోరియాలో పాస్తా పళ్లెం పన్నెండు, పదిహేను యూరోలుంటుంది.

భోజనానికి వరస ఉంది. మొదట 'ఆంటిపాస్టో' అంటే చిరుతిండి, తర్వాత 'ప్రీమో'... అంటే పాస్తా, సూపు లాంటివి. ఆపైన 'సెకొండో'... మాంసమో చేపో. దాని పక్కన కూర కావాలంటే 'కొంటోర్నో' అని విడిగా చెప్పాలి. చివర్లో తీపి, ఆ తర్వాత చిన్న కప్పులో కాఫీ. అన్నీ తినాలన్న రూలేం లేదు. మేం తలా ఒక ప్రీమో, అందరికీ కలిపి రెండు కొంటోర్నోలు చెప్పుకునేవాళ్లం. నోరెళ్లబెట్టినవాళ్లెవరూ లేరు. అన్నట్టు, భోజనం తర్వాత పాల నురగ కాపుచీనో అడిగితే మాత్రం కాస్త వింతగా చూస్తారు. అది పొద్దుటిపూట తాగేది!

ఇటలీలో చాలాచోట్ల కూర్చున్నందుకే మనిషికింత అని 'కొపెర్టో' వేస్తారు. రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో 2006లో చట్టం చేసి దాన్ని వద్దన్నారు. అందుకే బిల్లులో 'పానె' అని కనిపిస్తుంది... అంటే రొట్టె డబ్బులు. రొట్టె అక్కర్లేకపోతే ముందే చెప్పేయొచ్చు. నీళ్ల సీసా కూడా డబ్బులిచ్చి కొనాల్సిందే. బయట మాత్రం దాహానికి లోటు లేదు. 1874 నుంచీ వీధి వీధినా పెట్టిన ఇనుప కుళాయిలు రెండు వేలకు పైనే ఉన్నాయి. వంకర ముక్కులా ఉంటాయి కాబట్టి 'నాసోని' అంటే 'పెద్ద ముక్కులు' అని పిలుస్తారు. చల్లటి మంచినీళ్లు, ఉచితం!

అన్నిటికన్నా మాకు నచ్చింది ఇంకోటుంది. ఒకసారి కూర్చుంటే ఆ బల్ల మీదే. మీరు అడిగేదాకా బిల్లు తేరు. అడక్కుండా తెస్తే లేచి వెళ్లమన్నట్టే అని వాళ్ల లెక్క. ఆదివారం మధ్యాహ్నం పక్క బల్ల దగ్గర తాతయ్య నుంచి చంటిపిల్ల దాకా పదిమంది కూర్చున్నారు. మేం తిని లేచేసరికి వాళ్లింకా రెండో వడ్డన దగ్గరే ఉన్నారు!

మన మిరియం, వాళ్ల చీజ్

రోమ్‌కు నాలుగు పాస్తాలు ప్రాణం. గొర్రెపాలతో చేసిన పెకొరినో చీజ్, మిరియాల పొడి... ఈ రెండే కలిపితే 'కాచో ఎ పెపె'. దానికి 'గ్వాంచాలె', అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది దవడ మాంసం తోడైతే 'గ్రీచా'. అందులో టమాటా పడితే 'అమాట్రిచానా'. టమాటా బదులు కోడిగుడ్డు కలిపితే 'కార్బొనారా'. చివరిది పాతకాలపుదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వంట పుస్తకాల్లో దాని జాడ లేదు.

కొండల్లో నెలల తరబడి మందలు తోలుకుంటూ తిరిగే కాపరులు పాడవని సరుకు మాత్రమే వెంట ఉంచుకునేవారు. ఎండిన పాస్తా, ముదిరిన చీజ్, మిరియాలు... ఆ మూటలోంచి పుట్టిందే కాచో ఎ పెపె అని చెబుతారు. చూడ్డానికి సులువు. వేడి ఎక్కువైతే మాత్రం చీజ్ ముద్దకట్టేస్తుంది. పాస్తా ఉడికించిన గంజినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పితేనే మీగడలా వస్తుంది. గంజి విలువ తెలిసిన మనకు ఇది తెలిసిన విద్యే!

ఆ మిరియానికీ మనకూ రెండు వేల ఏళ్ల బంధం. మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్లిన మిరియాలను దాచడానికి రోమన్ చక్రవర్తి డొమీషియన్ గిడ్డంగులే కట్టించాడు. క్రీ.శ. 408లో రోమ్‌ను ముట్టడించిన అలారిక్ బంగారం, వెండితోపాటు మూడు వేల పౌన్ల మిరియాలు కూడా ఇమ్మన్నాడట! అప్పట్లో అటునుంచి వచ్చిన నాణేలు మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో, అటు వినుకొండలో బయటపడ్డాయి.

ఇక అమాట్రిచానా పేరు అమాత్రిచె అనే కొండ ఊరి నుంచి వచ్చింది. ఏటా ఆగస్టులో ఆ ఊళ్లో ఈ వంటకానికి పండగ చేస్తారు. 2016లో 50వ పండగకు ఊరు ముస్తాబవుతోంది. ఇంకా మూడు రోజులుందనగా, ఆగస్టు 24 తెల్లవారుజామున భూకంపం. ఊరు నేలమట్టమైంది. ఆ చుట్టుపక్కల మొత్తం దాదాపు మూడొందల మంది చనిపోయారు. అప్పుడు ఇటలీ అంతటా హోటళ్లు అమ్మిన ప్రతి అమాట్రిచానా పళ్లెం మీదా రెండు యూరోలు బాధితులకు పంపాయి... తిన్నవాళ్లది ఒకటి, హోటల్‌ది ఒకటి. ఊరు కూలినా ఆ ఊరి వంటే మళ్లీ ఊరికి ఆసరా అయింది.

కబేళా పక్కన విందు

నది ఒడ్డున ఉన్న టెస్టాచ్చో పేట చూడాల్సిందే. పురాతన కాలంలో ఆలివ్ నూనె తెచ్చిన మట్టి కూజాలను పగలగొట్టి ఒకేచోట పోయగా పోయగా సుమారు 35 మీటర్ల ఎత్తు గుట్ట తయారైంది. పేటకు ఆ పేరు వచ్చింది ఆ పెంకుల వల్లే.

దాని పక్కనే 1891 నాటికి పెద్ద కబేళా కట్టారు. మంచి మాంసమంతా డబ్బున్నవాళ్ల ఇళ్లకు వెళ్లేది. కూలీలకు జీతంలో భాగంగా తోక, పేగులు, పొట్ట, గుండెకాయ లాంటివి ఇచ్చేవారు. జంతువును నాలుగు భాగాలు చేశాక మిగిలింది కాబట్టి దాని పేరు 'క్వింటో క్వార్టో'... అంటే ఐదో పావు! లెక్కలో లేని ఆ ఐదో పావునే చుట్టుపక్కల ఒస్తెరియాల వాళ్లు గంటల తరబడి సన్నసెగ మీద ఉడికించి రుచి పుట్టించారు. ఎద్దు తోకను టమాటా, సెలరీలతో మగ్గబెట్టేది 'కోడా అల్లా వాచినారా'. టమాటా పులుసులో పుదీనా, పెకొరినో వేసి వండే పొట్ట పేరు 'ట్రిప్పా'. శనివారం ట్రిప్పా తినడం పాతకాలం రోమ్ అలవాటు.

మావారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. ''ఇది మన బోటీయే! కారం ఒక్కటే తక్కువ'' అన్నారు. ''అయితే తలకాయ కూర కూడా ఉంటుందేమో అడుగు నాన్నా'' అన్నాడు మావాడు.

1975లో కబేళా మూతపడింది. ఆ షెడ్లలో ఇప్పుడు చిత్రకళా ప్రదర్శనలు జరుగుతున్నాయి. కూలీల కూర మాత్రం పేరున్న హోటళ్లలో ఖరీదైన వంటకమై కూర్చుంది.

గోడల మధ్య విచ్చిన పువ్వు

1555లో పోప్ నాలుగో పాల్ రోమ్‌లోని యూదులందరినీ నది పక్కన పల్లపు ప్రాంతంలో గోడల మధ్య ఉండమన్నాడు. రాత్రయితే తలుపులకు తాళాలు పడేవి. చేసుకోవడానికి అనుమతించిన పనులు కొన్నే. 1870లో గానీ ఆ ఆంక్షలు పూర్తిగా పోలేదు. ఆ ఇరుకులో పుట్టిందే 'కార్చోఫి అల్లా జూదియా'. ఆర్టిచోక్ మొగ్గను రెక్కలు విచ్చేలా ఒత్తి నూనెలో రెండుసార్లు వేయిస్తారు. బంగారు రంగు చామంతిలా విచ్చుకుంటుంది. అంచులు వడియాల్లా కరకరలాడతాయి, నడుమ మెత్తగా ఉంటుంది. చలికాలం చివర్లో, వసంతంలో వెళ్తే తాజాగా దొరుకుతాయి.

తిన్నాక ఆ వీధుల్లో కిందికి చూస్తూ నడవండి. గడపల ముందు చిన్న ఇత్తడి పలకలు మెరుస్తుంటాయి. వాటి మీద పేర్లు. 1943 అక్టోబరు 16న నాజీలు ఇక్కడి నుంచి, మిగతా పేటల నుంచి పట్టుకెళ్లి ఆష్‌విట్జ్‌కు పంపినవాళ్లు వెయ్యి మందికి పైనే. తిరిగొచ్చింది పదహారు మంది. అత్తయ్య ఒక గడప ముందు ఆగి చేతులు జోడించింది.

శాకాహారులకు ఏముంది?

అత్తయ్య పస్తులుండలేదు. కానీ కొంచెం తెలిసుండాలి. పెకొరినో, పార్మెజాన్ చీజ్‌లు చేసేటప్పుడు పాలు విరగడానికి గొర్రెపిల్ల లేదా దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పట్టింపున్నవాళ్లు ''సెంజా ఫొర్మాజో'' అంటే చాలు... చీజ్ లేకుండా అని. టమాటా, తులసి జాతి ఆకు వేసిన 'పాస్తా అల్ పొమొదోరో', చీజ్ అసలే ఉండని 'మరినారా' పిజ్జా, బియ్యం కూరి కాల్చిన టమాటాలు బాగుంటాయి. వెల్లుల్లి, ఎండుమిర్చితో వేయించిన చికోరియా ఆకుకూర వచ్చినప్పుడు మాత్రం అత్తయ్య ముఖం వెలిగిపోయింది. ''ఇంత అన్నం ఉంటే బాగుండేదే'' అంది. బోండాలా కనిపించే 'సుప్లీ'లో అన్నమైతే ఉంటుంది కానీ మాంసమూ ఉండొచ్చు, అడిగి తినాలి. పుంటరెల్లె అనే ఆకుల సలాడ్‌లో చేప కలుస్తుంది, జాగ్రత్త!

పళ్లెం వెనక చేతులు

రోమ్‌కు దక్షిణంగా గంటన్నర దూరం లోపే లాటీనా. కూరగాయల పొలాలు, ప్లాస్టిక్ పందిళ్లు. అక్కడ వంగి పనిచేసేవాళ్లలో వేలమంది మన పంజాబ్ వాళ్లు. 2016లో వాళ్లు పొలాలు వదిలి సమ్మెకు దిగారు. కూలీలను దోచుకునే మేస్త్రీలకు, యజమానులకు శిక్ష పడేలా ఆ ఏడాదే ఇటలీ చట్టం తెచ్చింది. అయినా 2024 జూన్‌లో అక్కడ ఓ భారతీయ కూలీకి యంత్రంలో పడి చెయ్యి తెగిపోతే, ఆస్పత్రికి తీసుకెళ్లకుండా అతని ఇంటి ముందు వదిలేసి వెళ్లారు. రెండు రోజులకు అతను రోమ్ ఆస్పత్రిలో కన్నుమూశాడు. దేశమంతా అట్టుడికింది. లాటీనా వీధుల్లో వేలమంది ఊరేగింపు తీశారు.

కాపరి మూట, కబేళా కూలీ వాటా, గోడల మధ్య నూనె మూకుడు... నిన్నటి పేదల వంటకు ఇవాళ ప్రపంచం గౌరవం ఇస్తోంది. మంచిదే. ఆ గౌరవంలో కొంతైనా ఇవాళ ఆ కూరగాయలు కోస్తున్న చేతులకూ చేరాలి.

రోమ్ వెళ్తే కొలోసియం ఎలాగూ చూస్తారు. దాంతోపాటు ఒక పూట, ఫొటోల మెనూ లేని ఓ ట్రాటోరియాలో తీరిగ్గా కూర్చోండి. మీరు అడిగేదాకా బిల్లు రాదు. ఆ పళ్లెం అక్కడిదాకా ఎలా వచ్చిందో పిల్లలకు చెప్పడానికి కావలసినంత సమయం ఉంటుంది.