మందు అన్న మాటకు అర్థం



తెలుగులో 'మందు' అన్న మాటకున్నన్ని అర్థాలు మరే చిన్న మాటకూ ఉన్నట్టు తోచదు. రోగికిచ్చేదీ మందే, సారా దుకాణంలో పోసేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. 'వాడు మందు తాగాడు' అంటే సందర్భం తెలియకుండా ఏమీ చెప్పలేం. జ్వరం వచ్చిందేమో, వ్యసనం పట్టిందేమో, ప్రాణం తీసుకోబోయాడేమో! ముప్పైమూడేళ్ళు బడిలో పిల్లలకు నానార్థాలు చెప్పిన నాకు ఈ మాట అసలు అర్థం తెలిసింది మాత్రం ఉద్యోగ విరమణ తర్వాతనే. అందుకు మా మేనల్లుడి ప్రాణం మూల్యంగా చెల్లించవలసి వచ్చేది. తృటిలో తప్పింది. వాడి అనుమతితోనే ఈ టపా రాస్తున్నాను.

ముందుగా వాడి తల్లి సంగతి చెప్పాలి. మా అక్కయ్య 1997లో కాన్సరుతో కాలం చేసింది. జబ్బు ఎముకలకు పాకింది. చివరి నలభై రోజులూ ఆమె కేకలు వీధి చివరిదాకా వినిపించేవి. మార్ఫిన్ ఇస్తే ఉపశమనం ఉంటుందన్నారు గాని, జిల్లా కేంద్రమంతా గాలించినా దొరకలేదు. "అది నల్లమందు సరుకు మాస్టారూ, లైసెన్సుల బాధపడలేక ఎవరూ తెప్పించరు" అన్నారు డాక్టరుగారు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చిన తర్వాత, దాని కఠిన శిక్షలకూ అనుమతుల చిక్కులకూ జడిసి దేశంలో అనేక ఆస్పత్రులు మార్ఫిన్ నిలవ ఉంచడమే మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి, వైద్యానికి అత్యవసరమైన మత్తుమందులకు అనుమతులు సులభం చేశారు. అక్కయ్య పోయిన పదిహేడేళ్ళకు!

ఆ మంచం పక్కన రాత్రింబవళ్ళు కూర్చున్న పందొమ్మిదేళ్ళ కుర్రవాడే మా మేనల్లుడు. తర్వాత ఇంజనీరై అమెరికా వెళ్ళి, ఒహాయో రాష్ట్రంలో స్థిరపడ్డాడు. 2009లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతింది. ఆపరేషన్ చేసి, నొప్పికి ఆక్సీకోడోన్ మాత్రలిచ్చారు. అదీ నల్లమందు కుటుంబంలోదే. "మామయ్యా, మొదటి మాత్ర వేసుకుని నొప్పి పోగానే నాకు అమ్మ గుర్తొచ్చింది. ఇది ఒక్కటి దొరికుంటే ఎంత హాయిగా పోయేదో అనుకున్నాను" అని తర్వాతెప్పుడో చెప్పాడు.

తల్లికి చుక్క దొరకని మందు కొడుక్కి దోసిళ్ళతో దొరికింది. ఆక్సీకాంటిన్ పేరుతో ఈ మాత్రను 1996లో అక్కడి పర్డ్యూ కంపెనీ విపణిలోకి తెచ్చింది. దీనికి అలవాటు పడే ప్రమాదం తక్కువని డాక్టర్లను నమ్మించింది. అలా తప్పుదోవ పట్టించినట్టు 2007లో కోర్టులో నేరం అంగీకరించింది కూడా. మావాడు ఏడాదికి పైగా వాడిన తర్వాత డాక్టరు ఉన్నట్టుండి మాత్రలు ఆపేశాడు. శరీరం ఊరుకోలేదు. ఒళ్ళంతా విరుపులు, వాంతులు, చెమటలు, కంటిమీద కునుకు లేకపోవడం. దొంగచాటు మాత్రలయ్యాయి. వాటి ధర అందక హెరాయినయింది. ఊళ్ళో మాకెవరికీ తెలియదు. "పనెక్కువగా ఉంది" అంటే నమ్మాం.

2014లో వాడి భార్య పట్టుబట్టి చికిత్సలో చేర్పించింది. అక్కడ బ్యూప్రెనార్ఫిన్ అనే మందిచ్చారు. రోజూ నాలుక కింద పెట్టుకోవాలి. ఇదీ నల్లమందు జాతిదే గాని నెమ్మదస్తురాలు. మెదడులో హెరాయిన్ కూర్చునే పీటలమీద ముందే కూర్చుని, మరొకదాన్ని రానివ్వదు. విరుపులు ఆగుతాయి, ఆరాటం తగ్గుతుంది, ఒక హద్దు దాటి మత్తు పెరగదు. మావాడు తిరిగి ఉద్యోగంలో చేరాడు. కూతుర్ని బడిలో దింపి వస్తున్నాడు.

నేను 2016 వేసవిలో వెళ్ళాను. సంగతంతా అప్పుడే తెలిసింది. ఇక నాలోని పంతులు లేచాడు. ఇంద్రియ నిగ్రహం గురించీ, అభ్యాస వైరాగ్యాల గురించీ పూటకో ఉపన్యాసం చెప్పాను. "ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకోవడం బాగుపడటమేమిట్రా? ఇంకెన్నాళ్ళీ ఊతకర్ర?" అన్నాను. వాడు తలవంచుకుని, "మామయ్యా, నువ్వు బి.పి. మాత్ర ఎప్పుడు మానేస్తావు?" అని మాత్రం అడిగాడు. ఎదురు మాట్లాడాడని నాకు కోపం వచ్చింది. తండ్రి కూడా లేని పిల్లవాడు, నా మాటంటే గురి. నేను ఉండగానే డాక్టరుకు చెప్పకుండా మాత్ర మానేశాడు. నేను గర్వంగా తిరిగొచ్చాను.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఫోను. మా మేనల్లుడి భార్య, వరసకు నాకు కూతురు. "బాబాయిగారూ, బతికాడు" అన్నది. మొదటి మాట అదే.

విరామం తర్వాత ఒక్కసారి జారాడు. ఇక్కడొక విషయం అందరూ తెలుసుకోవాలి. మత్తుకు అలవాటుపడిన శరీరం ఎక్కువ మోతాదును తట్టుకోవడం నేర్చుకుంటుంది. కొన్నాళ్ళు మానేస్తే ఆ ఓర్పు పోతుంది. పాత మోతాదే ఇప్పుడు విషమవుతుంది. మత్తు మాన్పించే కేంద్రాల నుంచీ, జైళ్ళ నుంచీ బయటికొచ్చిన తొలి వారాల్లో మరణాలు ఎక్కువగా ఉండటానికి ఇదే కారణం. పైగా అప్పటికే ఆ ప్రాంతపు హెరాయిన్‌లో దానికన్నా ఎన్నో రెట్లు తీవ్రమైన ఫెంటనిల్ కలుస్తున్నది.

ఈ మందులు గుండెను కాదు, ముందు ఊపిరిని ఆపుతాయి. స్నానాలగదిలో పెదవులు నీలంగా మారి పడి ఉన్నాడట. ఆ అమ్మాయి వంటింట్లో పోపుల డబ్బా పక్కనున్న నాలక్సోన్ తుంపర తెచ్చి ముక్కులో కొట్టి, 911కు ఫోన్ చేసి, నోటితో ఊపిరి ఊదింది. నాలక్సోన్ ఆ మత్తును మెదడులోని పీటల నుంచి తోసేసి, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి తెప్పిస్తుంది. నల్లమందు జాతి మత్తు లేనివాడికి ఇచ్చినా హాని లేదు. అయితే దాని ప్రభావం గంటా గంటన్నర లోపే తీరిపోతుంది గనుక ఆస్పత్రికి తీసుకువెళ్ళక తప్పదు. మావాడికి రెండోసారి కూడా కొట్టవలసి వచ్చింది. ఆ తుంపర ఇంట్లో ఉంచుకోవడం చూసి, "దగ్గర పెట్టుకుంటే తప్పు చేయమని చెప్పినట్టు కాదా అమ్మా?" అని వేసవిలో నేనే ఆక్షేపించాను. ఆమె నా మాట వినలేదు. అందుకే ఈరోజు నేను ఇది రాయగలుగుతున్నాను.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. న్యూయార్కులో డోల్, నైస్వాండర్ అనే వైద్యులు మెథడోన్ చికిత్స ఫలితాలను 1965లోనే ప్రకటించారు. ఫ్రాన్సులో 1990ల నడుమ సాధారణ డాక్టర్లందరికీ బ్యూప్రెనార్ఫిన్ రాసే వీలు కల్పించాక, నాలుగేళ్ళలో మోతాదు మించిన మరణాలు అయిదింట నాలుగు వంతుల దాకా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెంటినీ 2005లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అమెరికాలోనే ఒక వింత: మత్తుకు అలవాటు చేసే మాత్రలు రాయడానికి అక్కరలేని ప్రత్యేక అనుమతి, ఆ మత్తు నుంచి కాపాడే మాత్ర రాయడానికి 2022 చివరిదాకా కావలసి వచ్చింది. ఆ దేశంలో 2021, 2022, 2023 సంవత్సరాల్లో మాదకద్రవ్యాల మోతాదు మించి ఏటా లక్షమందికి పైగా చనిపోయారు. 2024లో ఆ సంఖ్య సుమారు 80 వేలకు దిగింది. నాలక్సోన్ తుంపరను చీటీ లేకుండా అమ్మేందుకు 2023లో అనుమతిచ్చారు.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోనక్కరలేదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలోనూ రెండు కోట్లమందికి పైగా ఏదో ఒక రూపంలో ఈ జాతి మందులు వాడుతున్నారు. మన చట్టం మత్తు సేవించడాన్ని నేరమంటుంది గాని, తనంత తాను చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64-ఎ సెక్షను కూడా అందులోనే ఉంది. పంజాబులో 2017 నుంచి ప్రభుత్వ క్లినిక్కుల్లో బ్యూప్రెనార్ఫిన్ ఇస్తున్నారు. అయినా పరువు కోసం దాచేవాళ్ళూ, నాలాగా నీతులు చెప్పి మాన్పించేవాళ్ళూ మన ఇళ్ళలో తక్కువేం లేరు.

మావాడు ఆస్పత్రి నుంచి రాగానే తిరిగి ఆ మాత్ర మొదలుపెట్టాడు. ఇప్పటికీ వాడుతున్నాడు. ఎన్నాళ్ళు వాడాలో వాడూ, వాడి డాక్టరూ చూసుకుంటారు. కూతురు కాలేజీకి వచ్చింది. ఆదివారాలు ఫోన్ చేసినప్పుడు నేను అడిగే ప్రశ్న మారింది. "ఎప్పుడు మానేస్తావురా?" అని అడగను. "ఇవాళ వేసుకున్నావా?" అంటాను.

"వేసుకున్నాను మామయ్యా. నువ్వో?" అంటాడు.

నేనూ నా బి.పి. మాత్ర వేసుకున్నానని చెబుతాను.