చిన్న పత్రికా, బీడీల చాటా

నేను ఎమ్.ఏ. పూర్తిచేసిన సంవత్సరం ఒక చిన్న పత్రికలో నా మొదటి విమర్శ వ్యాసం అచ్చయింది. వారపత్రికల సీరియల్ నవలల మీద అది దండయాత్ర. ఆ నవలలు శ్రామిక స్త్రీకి మత్తుమందనీ, ఆమె కష్టాన్ని ఆమె కంటికే కనబడనీయవనీ రాశాను. సంచిక రాగానే ఊరికి పట్టుకుపోయి అమ్మ చేతిలో పెట్టాను.

మాది నిజామాబాద్ జిల్లా. అమ్మ బీడీలు చేసేది. వాడకట్టు ఆడవాళ్లు అయిదారుగురు ఒక్క అరుగు మీద చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేవారు. కూలి వేయి బీడీల లెక్కన. కార్ఖానాలో ఏరి పారేసినవి లెక్కకు రావు. కనుక కండ్లకూ చేతులకూ తీరిక లేదు, చెవులకు మాత్రమే ఉండేది. అయిదో తరగతి చదివిన మా అమ్మ వారికి వారపత్రిక చదివి వినిపించేది. చదివిన నాడు ఆమె బీడీలు తక్కువ పడితే తక్కినవారు తలా ఒక కట్ట వేసి సరిపెట్టేవారు. ఈ సంగతి నా వ్యాసంలో లేదు. నేను మరిచిపోలేదు, అది సాహిత్య విమర్శకు పనికివస్తుందని తోచలేదు, అంతే.

అమ్మ నా వ్యాసాన్ని పెదవులు కదుపుతూ చివరిదాకా చదివింది.

“బిడ్డా, ఆ నవల నువ్వు చదివినవా?”

రెండు వారాల భాగాలు తిరగవేశానన్నాను.

“షావుకారి కొడుకు కూలిపిల్లను లగ్గం చేసుకుంటడంటే మేం నమ్మినమనుకున్నవా? నవ్వుకుంట చదివినం.”

ఇంకేమీ అనలేదు. పత్రికను గూట్లో పెట్టి చాట ముందుకు లాక్కుంది.

ఆ తర్వాతనే పాత చిన్న పత్రికలను శ్రద్ధగా చదివాను. వరంగల్లు సాహితీమిత్రులు 1966లో ప్రారంభించిన ‘సృజన’ 1992 దాకా నడిచింది. వరవరరావు జైలులో ఉన్న కాలంలో హేమలత సంపాదకత్వ భారం మోశారు. అమ్మకం పెంచుకోవలసిన అగత్యం లేని పత్రిక, పెద్ద పత్రిక అనలేని మాట అనగలదు. నిజమే. కాని ఆ స్వేచ్ఛే నాబోటి వాడికి చదవకుండా తీర్పు చెప్పే సౌకర్యం కూడా ఇచ్చింది. రంగనాయకమ్మ తన విమర్శకు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పేరు పెట్టారు. పేరు కటువే, అయినా ఆమె నవలను ముందు పెట్టుకుని వాదించారు. నవల మెచ్చిన పాఠకుడికి ఎదురు వాదించటానికి చోటుంది. నా వ్యాసంలో ఆ చోటు లేదు. అందులో పాఠకురాలు ఒక జబ్బు మనిషి.

ఆ సీరియళ్లు మంచివని నేనిప్పటికీ అనను. ఆ అరుగు మీద ఏమి జరిగిందో తెలియకుండా వాటి చెడు ఎంతో కూడా చెప్పలేనంటాను.

ఒక వేసవిలో అమ్మనూ, ఆ ఆడవాళ్లనూ కూర్చోబెట్టి ఆ నవల గురించి అడిగి, వారి మాటలు వారి యాసలోనే రాసుకుని, అదే పత్రికకు పంపాను. ఇది ముచ్చటే గాని విమర్శ కాదని తిప్పి పంపారు. ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. ఈ సంచికకు వాటినే పంపుదామని తీశాను. చదువుతుంటే ముందు నా సంగతి చెప్పుకోవలసి ఉందనిపించి ఇది రాశాను.