అమానతు

మా ఇంట ఒక రేకుపెట్టె ఉండేది. అందులోని సొమ్ము మాది కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు కూడబెట్టుకొన్న చిన్న మొత్తాలను మా అమ్మ గుడ్డమూటలుగా కట్టి అందులో భద్రపరిచేది. నాన్నగారి వ్యాపారం చితికి, అప్పులవారు గుమ్మంలో నిలిచిన రోజున ఒకాయన ఆ పెట్టెవైపు చేయి చూపాడు. "అది అమానతు. మేమూ ముట్టరాదు, మీరూ ముట్టరాదు" అన్నది అమ్మ.

ఆ మాటలోని న్యాయసూత్రం అర్జెంటీనా ఋణగాథ చదివినప్పుడు గాని నాకు బోధపడలేదు.

వ్యక్తి దివాలా తీస్తే న్యాయస్థానం అతని ఆస్తిని పంచిపెడుతుంది. రాజ్యమే దివాలా తీస్తే పంచిపెట్టగల న్యాయస్థానం లోకంలో లేదు. ఋణపత్రంలోని షరతులే శరణ్యం. కొన్ని పత్రాలలో సొమ్ము చెల్లించే బ్యాంకు ఋణగ్రస్త రాజ్యానికి ఏజెంటు మాత్రమే. మరికొన్నింటిలో అది ఋణదాతల పక్షాన ధర్మకర్త. ధర్మకర్త చేతికి చేరిన ధనం ఇక రాజ్యానిది కాదు. అంతేకాక, బాండుదారుడు ఎవరికివారుగా దావాకు పరుగెత్తకుండా ధర్మకర్తే అందరి తరఫున నిలుస్తాడు. వసూలైనది దామాషా ప్రకారం పంచుతాడు.

అర్జెంటీనా 2001లో చెల్లింపులు నిలిపివేసింది. ఆ పాత బాండ్లలో 1994 నాటి ఏజెన్సీ ఒప్పందం క్రిందివి ఉన్నాయి. 2005, 2010లలో సుమారు 93 శాతం బాకీకి ఋణదాతలు నష్టానికి ఒప్పుకొని, ధర్మకర్త గల కొత్త బాండ్లు తీసుకొన్నారు. ఒప్పుకోని కొన్ని నిధుల సంస్థలు న్యూయార్కు న్యాయస్థానాన్ని ఆశ్రయించి, తమకు చెల్లించనిదే ఇతరులకు చెల్లించరాదని ఉత్తర్వు పొందాయి. 2014 జూన్‌లో అర్జెంటీనా 53.9 కోట్ల డాలర్లను ధర్మకర్తయైన బ్యాంక్ ఆఫ్ న్యూయార్క్ మెలన్‌కు పంపింది. న్యాయమూర్తి గ్రీసా పంపిణీని అడ్డుకొన్నారు. గడువు జూలై 30న ముగిసింది. దేశం మళ్ళీ ఎగవేతదారు అయింది. యూరో బాండ్ల న్యాసానికి ఇంగ్లీషు చట్టమే వర్తిస్తుందని ఆ నవంబరులో లండన్ హైకోర్టు ప్రకటించినా సొమ్ము కదలలేదు. 2016లో రాజీ కుదిరిన తర్వాతనే చిక్కు వీడింది.

నష్టానికి ఒప్పుకొన్నవారే తమదైన సొమ్ముకై నిరీక్షించవలసి రావడం నన్ను నేటికీ కలతపెడుతుంది. మా అమ్మ మాత్రం ఆ యేడే ఒక్కొక్క మూటను దాని సొంతదారు చేతిలో పెట్టింది.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు పరుల ధనానికి కాపరులు కాగలరు. ముట్టకుండుట అమానతులో సగమే. అందజేయుట మిగిలిన సగం.